చక్కెర, బెల్లము, కృత్రిమ మాధుర్యము

మన యిండ్లలో నేడు తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. కాఫీలో చక్కెర వేసికొనవచ్చునా, దానికి మారుగా బెల్లము వేసికొనుట మేలా, లేక మందుల దుకాణములలో డబ్బీలతో అమ్మెడు తియ్యని మాత్రలను వేసికొనవలెనా యనునదియే యా ప్రశ్న. చూచుటకిది వంటింటి ప్రశ్న. కాని దీని వెనుక రెండువేల యేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రలో వైద్యులు, వర్తకులు, చక్రవర్తులు, రసాయన శాస్త్రజ్ఞులు, ఓడలెక్కి దూరదేశములకు బోయి తిరిగిరాని కూలివారు గలరు. ఆ చరిత్ర నెరుగనివాడు తానే యెన్నుకొనుచున్నానని తలచును గాని, చాలమారులు ప్రకటనకర్తలు వానికొరకు ముందే యెన్నిక చేసియుందురు.

ఈ విచారమున కిప్పుడు తొందర యేమి యని కొందరడుగవచ్చును. భారత వైద్య పరిశోధన మండలి సాహాయ్యముతో దేశమందలి యన్ని రాష్ట్రములలో జరిగిన పరీక్షల ఫలితములు 2023లో ప్రకటింపబడినవి. ఆ లెక్క ప్రకారము మన దేశమున మధుమేహ పీడితులు సుమారు 10 కోట్ల 10 లక్షలమంది. ఆ వ్యాధికి చేరువలో నున్నవారు సుమారు 13 కోట్ల 60 లక్షలమంది. చక్కెర యొక్కటియే యిందులకు గారణమని మేము చెప్పము. మరపట్టిన బియ్యము, కదలిక లేని జీవనము, స్థూలకాయము, వంశమునుండి వచ్చు గుణము, ఇవన్నియు నిందు భాగము గలవి. అయినను ప్రతిదినము మనచేతిలో నుండి, మన యిష్టముచొప్పున తగ్గింపదగినది తీపి. కావున దానిని గూర్చి కొంత తీరికగా విచారింప దలచితిమి.

చెరకు మొదట మానవుని చేతిలో పెంపుడు పైరైనది న్యూగినీ ద్వీపమున నని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కాని దాని రసమును గాచి, గడ్డకట్టించి, పలుకులుగా జేయు విద్య మన దేశమున బుట్టినది. కౌటిల్యుని యర్థశాస్త్రమున రాజుగారి కొట్లలో నిలువ యుంచవలసిన వస్తువులు చెప్పుచోట ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర యని యైదు మెట్లు చెప్పబడినవి. ఫాణితము పాకము, గుడము మన బెల్లము, కడపటి శర్కర పలుకులుగా విడివడినది. శర్కర యనగా గులకయిసుక యనియు నర్థము. అలెగ్జాండరు సేనతో వచ్చిన నియార్కసు, ఈ దేశమున తేనెటీగలు లేకయే రెల్లువంటి మొక్కలనుండి తేనె వచ్చునని వ్రాసికొనెను. క్రీ. శ. 647లో చీనా చక్రవర్తియైన తాయ్ త్సుంగు ఈ విద్యను నేర్చికొని రమ్మని మగధకు దూతలను బంపెను. పడమటి దిక్కున మొదట పారసీకులును, తరువాత నరబ్బులును దీనిని నేర్చి మధ్యధరా సముద్ర తీరమువరకు గొనిపోయిరి. శర్కర అరబ్బీలో సుక్కర్ అయినది. ఐరోపా భాషలన్నిటను నేడు చక్కెరకుగల పేర్లు దానినుండి పుట్టినవే. మన ఖండమే ఇంగ్లీషువారి నోట క్యాండీ యయ్యెను. చిత్రమేమన, విద్యను పొరుగువారికి నేర్పిన యీ దేశముననే హిందూస్థానీ భాషలో తెల్ల చక్కెరకు చీనీ యనియు, కలకండకు మిస్రీ యనియు, అనగా చీనాదనియు ఈజిప్టుదనియు, పేర్లు నిలిచినవి. వస్తువు మన యింటనుండి బయలుదేరి దేశములు తిరిగి పరాయిపేరుతో మరల మన యింటికే వచ్చినది.

ఇచ్చట మన పూర్వవైద్యుల మాట యొకటి చెప్పవలెను. బెల్లము మన ప్రాచీనులు వాడినది గాన దోషరహితమని నేడు కొందరు వాదింతురు. ప్రాచీనులు వాడిరనుట నిజమే. కాని వారు దానిని గుడ్డిగా వాడలేదు. చరకసంహితలో ప్రమేహమునకు హేతువులు చెప్పుచోట సుఖముగా గూర్చుండుట, అధికముగా నిద్రించుట, పెరుగు, పాలు, క్రొత్త ధాన్యము, వీనితోపాటు బెల్లముతో జేసిన పదార్థములును లెక్కింపబడినవి. రోగి మూత్రమునకును దేహమునకును చీమలు, ఈగలు ముసరుట యా రోగమునకు పూర్వచిహ్నముగా జెప్పబడినది. బలిసిన రోగికొకవిధముగను, చిక్కిన రోగికొకవిధముగను చికిత్స చేయవలెననియు నా గ్రంథము చెప్పుచున్నది. పూర్వుల పేరు చెప్పి బెల్లమును మితిలేక తినువారు పూర్వుల గ్రంథములను దెరచి చూడలేదని మా యభిప్రాయము.

ఆ కాలమున తీపికి స్వభావముగానే యొక కట్టుబాటుండెడిది. చెరకునకు సమృద్ధిగా నీరు గావలెను. పది పన్నెండు నెలలు భూమి దానికే విడువవలెను. గానుగకు ఎద్దులు, పొయ్యికి వంటచెరకు గావలెను. కావున బెల్లము పండుగనాడు, పెండ్లినాడు, వ్రతమునాడు వచ్చునది. ఉగాది పచ్చడిలో క్రొత్త బెల్లము, సంక్రాంతికి అరిసెలు, నైవేద్యమునకు పరమాన్నము. మిగిలిన దినములలో గంజి, అంబలి, జొన్నరొట్టె, మజ్జిగ. బీదవాని యింట తీపి యనునది దినచర్య గాదు. ఆ కట్టుబాటు నైతికమైనది గాదు, కొరతవలన గలిగినది. కొరత పోవుట మంచిదే. కాని కొరత పోయినప్పుడు దాని స్థానమున వివేకమును నిలుపుకొనుట మనము మరచితిమి.

కొరత యెట్లు పోయెనో తెలిసికొనుటకు సముద్రముల యావలికి బోవలెను. 1493లో కొలంబసు తన రెండవ యాత్రయందు చెరకు ముక్కలను పడమటి దీవులకు గొనిపోయెను. తరువాతి మూడు శతాబ్దములలో నా దీవులును బ్రెజిలును చెరకుతోటలతో నిండినవి. ఆ తోటలలో పనిచేయుటకై ఆఫ్రికానుండి మనుష్యులను పట్టి తెచ్చిరి. అట్లాంటికు సముద్రముపై ఓడలకెక్కింపబడిన ఆఫ్రికనులు సుమారు ఒక కోటి 25 లక్షలమంది యని చరిత్రకారులు లెక్క గట్టిరి. వారిలో ననేకులు దారిలోనే మరణించిరి. దిగినవారిలో పెక్కుమంది చెరకుతోటల పాలైరి. ఇంగ్లండులో 1700 ప్రాంతమున మనిషి యొక్కటికి సంవత్సరమునకు 4 పౌనుల చక్కెర ఖర్చయ్యెడిది. 1800 నాటికది 18 పౌనులయ్యెను. మరి నూరేండ్లకు దానికి నాలుగురెట్లు మించెను. ప్రభువుల భోజనపుబల్లపై నుండిన వస్తువు ఫాక్టరీ కూలివాని టీ గిన్నెలోనికి దిగినది. ఒకచోట మనుష్యుడు బానిస కానిదే వేరొకచోట చక్కెర చౌక కాలేదు.

ఇంగ్లండు ప్రజలలో కొందరికి ఈ సంగతి మనసునకు దగిలెను. 1791లో బానిస వ్యాపారమును నిషేధించు బిల్లు పార్లమెంటులో నోడిపోగా, విలియం ఫాక్సు వ్రాసిన చిన్న పుస్తకము చదివి వేలకొలది కుటుంబములు పడమటి దీవుల చక్కెరను మానిరి. సుమారు 3 లక్షలమంది యట్లు మానిరని బానిసత్వ విరోధియైన క్లార్క్సను లెక్కవేసెను. కొందరు చక్కెరను పూర్తిగా విడిచిరి. కొందరు బానిసలచే జేయబడనిదని చెప్పి మన దేశపు చక్కెరను గొనిరి. ఏ చక్కెర తినవలెనను ప్రశ్న ధర్మప్రశ్నగా బహిరంగముగా నడుగబడుటకిది గొప్ప దృష్టాంతము. దీనిని నడిపినవారిలో గృహిణులు ముఖ్యులు. ఓటు హక్కు లేని స్త్రీలు వంటింటి సరకుల జాబితాతో రాజ్యనీతిలో జోక్యము గలిగించుకొనిరి. బానిస వ్యాపారము 1807లోను, బానిసత్వమును మాన్పు చట్టము 1833లోను వచ్చినవి. అయితే మన దేశమునుండి కొన్న చక్కెర నిర్దోషమని నమ్మినవారు కొంత మోసపోయిరి; కంపెనీ రాజ్యమున బానిసత్వమును న్యాయస్థానములు గుర్తింపరాదను చట్టము 1843లో గాని రాలేదు.

బానిసలు విడుదల కాగానే తోటల యజమానులు మన దేశమువైపు చూచిరి. 1834 మొదలు మారిషసునకు ఒడంబడిక కూలీల ప్రయాణమారంభమయ్యెను. 1860 నవంబరు 16వ తేదిని ట్రూరో యను ఓడ చెన్నపట్టణమునుండి కూలీలతో నేటాలు చేరెను. ఫిజీకి 1879 నుండి ఉత్తరదేశీయులును, 1903 నుండి చెన్నపట్టణపు రేవుగుండ మనవారును బోయిరి. ఈ కూలీలలో విశాఖపట్టణము, గోదావరి మున్నగు జిల్లాల తెలుగువారు చాలమంది గలరు. వారు వ్రేలిముద్ర వేసిన కాగితములలో ఐదేండ్ల గడువుండెను. తోటలలో దెబ్బలు, జరిమానాలు, జబ్బులు నుండెను. ఆ కాగితపు టొడంబడికను వారు గిర్మిట్టు అని పిలిచిరి. గోపాలకృష్ణ గోఖలే, గాంధీగారు మొదలైనవారి యాందోళనచేత 1917లో ఈ కూలీల యెగుమతి నిలిచెను. ఫిజీలో మిగిలిన యొడంబడికలు 1920 జనవరి 1వ తేదిని రద్దయ్యెను. మారిషసులో నేటికిని ఉగాది సెలవుదినము; దక్షిణాఫ్రికాలో 1931లో ఆంధ్ర మహాసభ యేర్పడెను. తెలుగు వెలుపలి ద్వీపములకు బోయిన త్రోవలలో ప్రధానమైనది చెరకుతోట త్రోవ యని మన పిల్లలకు జెప్పు పాఠ్యపుస్తకము లరుదు.

ఇంతలో ఐరోపాలో చెరకునకు బదులు మరియొక వస్తువు లేచెను. 1747లో బెర్లినులో మార్గ్రాఫను రసాయనవేత్త బీటుదుంపలో నున్న తీపి చెరకు తీపియే యని చూపెను. అతని శిష్యుడైన ఆకార్డు 1801 ప్రాంతమున సైలీషియాలో మొదటి కర్మాగారము పెట్టెను. ఆంగ్లేయుల నౌకాబలముచేత చక్కెర యందక, 1811లో నెపోలియను వేలకొలది యెకరములలో బీటుదుంప వేయుడని యాజ్ఞాపించెను. తీపి యొక్క చరిత్రలో ఇట్టి మలుపులు పెక్కు. మనుష్యుని నాలుక కోరినదానికంటె రాజుల యుద్ధములు, సుంకములే యే తీపి యెవరి యింట జేరవలెనో నిర్ణయించినవి.

మన దేశమునందును నిట్లే జరిగినది. పందొమ్మిదవ శతాబ్ది చివర జర్మనీ, ఆస్ట్రియాల బీటు చక్కెరయు, తరువాత జావా చక్కెరయు మన యంగళ్లను నింపెను. 1905 స్వదేశోద్యమ కాలమున విదేశపు చక్కెర నెముకల బొగ్గుతో శుద్ధి చేయుదురను మాట యూరూర వ్యాపించి, పెక్కుమంది దానిని విడిచి బెల్లమును, దేశవాళీ ఖండసారిని గ్రహించిరి. ఎముకల బొగ్గు వాడుక నిజమే. దానికి మడి, దేశభక్తి రెండును తోడైనవి. 1912లో కోయంబత్తూరున చెరకు పరిశోధనాలయము స్థాపింపబడెను. అచ్చట బార్బరును, టి. ఎస్. వెంకటరామనును మన యేటిగట్లపై దొరకు రెల్లుతో చెరకును సంకరము చేసి, ఉత్తరదేశపు చలికిని వరపునకును దట్టుకొను జాతులను బుట్టించిరి. అయినను 1930 ప్రాంతమున సంవత్సరమునకు సుమారు పదిలక్షల టన్నుల చక్కెర విదేశములనుండి, ముఖ్యముగా జావానుండి, వచ్చుచుండెను. 1932లో చక్కెర పరిశ్రమ సంరక్షణ చట్టమును జేసి దిగుమతిపై హెచ్చు సుంకము వేసిరి. ముప్పదికి కొంచె మెక్కువగా నుండిన మిల్లులు నాలుగైదేండ్లలో నూటముప్పదికి మించినవి. విశాఖపట్టణపు జిల్లా ఏటికొప్పాకలో 1933 ప్రాంతమున రైతులు సహకార పద్ధతిని చక్కెర మిల్లు నారంభించిరి. నైజాము రాష్ట్రమున బోధనులో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఆసియాలోనే పెద్దదని పేరుగాంచి, దాని చుట్టు శక్కర్‌నగర మను నూరే వెలసెను. దాని పని 2015 చివర నిలిచిపోయెను. దానినే నమ్ముకొనిన రైతులును, కార్మికులును వీధిపాలైరి.

మిల్లుల చక్కెర చౌకగా వచ్చినంతమాత్రమున మన యిండ్లలో నిత్యవస్తువు కాలేదు. దానికి దోవ చూపినది తేనీరు. 1930 తరువాత తేయాకు వర్తకులు పట్టణములందును, సంతలందును, రైల్వే స్టేషనులందును ఉచితముగా టీ కాచిపోసి జనమున కలవాటు చేసిరి. దక్షిణమున కాఫీహోటళ్లును నప్పుడే పెరిగినవి. పండుగ తీపి పళ్లెములో వచ్చును, అందరకు గనబడును. గిన్నెలోని తీపి కనబడదు, లెక్కకు రాదు. దినమునకు రెండుమారులు కాఫీయు, రెండుమారులు టీయు త్రాగి, ప్రతిమారును రెండేసి చెంచాల చక్కెర వేసికొనువాడు ఎనిమిది చెంచాలు, అనగా సుమారు 32 గ్రాములు, తిన్నవాడగును. వానినడిగిన, తనకు తీపి యలవాటు లేదనియే చెప్పును.

ఇక బెల్లము మాట. మన రాష్ట్రమున బెల్లమునకు పేరుపడిన విపణి అనకాపల్లి. చెరకును గానుగాడి, రసమును పెద్ద పెనములో బోసి, చెరకుపిప్పినే మంటబెట్టి కాచుదురు. కొంచెము సున్నపు తేట వేసి, పైకి దేలిన మడ్డిని దీసివేయుచు, పాకము ముదిరినప్పుడు దించి యచ్చులలో బోయుదురు. ఇది గ్రామమున గ్రామస్థునిచే జేయబడు పని. కూలి డబ్బులు ఊరిలోనే నిలుచును. అందుచేతనే 1934లో స్థాపితమైన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము గాంధీగారి యాధ్వర్యమున బెల్లమును, ముఖ్యముగా తాటిబెల్లమును, ప్రోత్సహించెను. కల్లుగా బోవు నీరా బెల్లమైనచో గీతపనివానికి బ్రతుకుతెరువును గ్రామమునకు మేలును గలుగునని వారి తలంపు. ఆర్థికముగా నీ వాదము బలమైనది. దానిని మేము గౌరవింతుము.

కాని ఆరోగ్యవాదము వేరు. బెల్లములో నధికభాగము చక్కెరలో నున్న తీపియే. జాతీయ పోషకాహార సంస్థవారి పట్టికలలో నూరు గ్రాముల చక్కెరకు సుమారు 400 కేలరీలు, నూరు గ్రాముల బెల్లమునకు సుమారు 380 కేలరీలు చూపబడినవి. ఇనుము బెల్లములో నున్నమాట నిజమే. నూరు గ్రాములకు రెండున్నర మిల్లీగ్రాములకు గొంచె మెక్కువ. పది గ్రాముల ముక్క తిన్నవారికి దొరకునది పావు మిల్లీగ్రాము. స్త్రీకి దినమునకు గావలసినది ఇరువది మిల్లీగ్రాములకు పైమాట. రక్తహీనతను బెల్లముతో దీర్పదలచిన గృహిణి యంతకంటె పెద్ద యాపదను దెచ్చికొనును. ఆకుకూరలు, పప్పులు, వైద్యుడిచ్చు మాత్రలు దానికి దగిన దారి. మరియు పచ్చని మెరుపుగల బెల్లమే మంచిదని కొనువారు తెలిసికొనవలసినది, రంగు తేల్చుటకై కొందరు హైడ్రోస్ అను రసాయనమును గలుపుదురు. నలుపుదేరిన బెల్లమును మనము నిరాకరించుటయే యా కల్తీకి ప్రోత్సాహము.

తేనెను గూర్చియు నిదే చెప్పవలెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో బ్రకటించిన సూత్రములలో తేనె, పాకములు, పండ్లనుండి పిండిన రసములు చక్కెరతోపాటే లెక్కింపబడినవి. దేహమున కెక్కిన తరువాత పుట్టుక యడుగబడదు. ఇంకొకమాట: పుట్టిన బిడ్డకు తేనె నాకించు నాచారము మన యిండ్లలో నున్నది. ఏడాది నిండని శిశువునకు తేనెవలన బాట్యులిజమను ప్రాణాపాయకరమైన వ్యాధి రావచ్చును. ఆ యాచారమును వెంటనే విడువవలెను.

కృత్రిమ మాధుర్యముల కథ 1879లో ప్రారంభమగును. అమెరికాలో జాన్సు హాప్కిన్సు విశ్వవిద్యాలయమున రెమ్సెను ఆచార్యుని ప్రయోగశాలలో పనిచేయు ఫాల్బెర్గు ఒకనాటి రాత్రి భోజనమునకు గూర్చుండగా చేతనంటుకొనిన రొట్టె మిక్కిలి తియ్యగా నుండెను. తారునుండి వచ్చిన యొక పదార్థము చేతికంటి యుండుట యందులకు గారణము. అదియే సాకరిన్. అది చక్కెరకంటె మూడువందల రెట్లకు మించి తియ్యనిది. దేహమున జీర్ణము గాక వెడలిపోవును. ఫాల్బెర్గు గురువుపేరు లేకుండ హక్కులు పొంది జర్మనీలో కర్మాగారము పెట్టెను. చౌకయైన యీ వస్తువువలన బీటు రైతులకును మిల్లులకును నష్టము గలుగగా, 1902లో జర్మను ప్రభుత్వము సాకరినును మందుల దుకాణములలో దప్ప అమ్మగూడదని శాసించెను. అంతట స్విట్జర్లాండునుండి దొంగరవాణా ప్రారంభమయ్యెను. ఆరోగ్యముపేర జేసిన యా శాసనమునకు ప్రధానకారణము చక్కెర సుంకము. రెండు ప్రపంచయుద్ధములలో చక్కెర కొరవడగా, నిషేధింపబడిన యా వస్తువే బీదలకు దిక్కయ్యెను.

తరువాతి మాధుర్యములును చాలవరకు ప్రమాదవశమున దొరకినవే. 1937లో స్వేడా యను విద్యార్థి కనుగొనిన సైక్లమేటును ఎలుకల పరీక్షలవలన బుట్టిన భయముచే 1969లో అమెరికా నిషేధించెను. ఇతరదేశములలో పెక్కిండ్ల నది నేటికిని అనుమతింపబడియున్నది. సాకరినునకు 1977లో నట్టి యాపదయే వచ్చెను గాని, ఎలుకలలో వ్రణము గలిగించు మార్గము మనుష్యదేహమునకు వర్తింపదని తరువాత తేలగా 2000లో దానిపై నుండిన యనుమానము తొలగింపబడెను. ఆస్పర్టేము 1965లో ష్లాటరను వానిచేతను, సుక్రలోజు 1976లో లండనులో పనిచేయుచుండిన శశికాంత ఫడ్నీసు అను భారతీయునిచేతను గుర్తింపబడినవి. పరీక్షింపుమని గురువు చెప్పినమాట రుచిచూడుమని వినబడుటచే ఫడ్నీసు దానిని నాలుకపై వేసికొనెనని ప్రసిద్ధి. పరాగ్వే దేశపు గ్వారనీలు పూర్వమునుండి యెరిగిన తియ్యనాకును బెర్టోని 1899లో శాస్త్రలోకమునకు దెలిపెను, అదియే స్టీవియా. అది యాకునుండి వచ్చినది గావున ప్రకృతిసిద్ధమని యమ్ముదురు గాని, మనకు డబ్బీలో దొరకు తెల్లపొడి కర్మాగారములో వేరుపరుపబడినదే.

ఈ వస్తువులవలన భయమెంత? ఆస్పర్టేము మనుష్యులకు క్యాన్సరు కలిగించుట సంభావ్యమని 2023 జూలైలో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ దానిని దుర్బల నిదర్శనములుగల తరగతిలో జేర్చెను. ఆ నాడే ఆహార రసాయనములను పరిశీలించు వేరొక అంతర్జాతీయ సంఘము, దేహపు బరువు కిలో యొక్కటికి దినమునకు 40 మిల్లీగ్రాములవరకు దీసికొనవచ్చునను పూర్వపు పరిమితిని మార్పక నిలిపెను. అరువది కిలోల మనుష్యునకది 2400 మిల్లీగ్రాములు. కాఫీలో మాత్ర వేసికొనువాడా మేరకు దరిదాపునకైనను బోడు. ఫినైల్ కీటోన్యూరియా యను పుట్టు వ్యాధిగలవారు మాత్రము ఆస్పర్టేమును పూర్తిగా విడువవలెను. కావున విషమని కేకలు వేయుట న్యాయము గాదు.

అయితే వీనివలన లాభమెంత? 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్యసంస్థ, దేహపు బరువును తగ్గించుకొనుటకు సాధనములుగా వీనిని నమ్మవలదని సలహానిచ్చెను. దీర్ఘకాలము పరిశీలించిన వారిలో బరువు తగ్గుట కానరాలేదనియు, కొన్ని వ్యాధుల సంబంధము కనబడుచున్నదనియు వారి కారణము. ఆ సంబంధము వస్తువువలననా, అప్పటికే వ్యాధికి దగ్గరలో నున్నవారు వీనిని వాడుటవలననా యనునది తేలలేదు గాన, ఆ సలహాను షరతులతోనే యిచ్చిరి. మధుమేహ మిదివరకే యున్నవారికి అది వర్తింపదనియు స్పష్టముగా జెప్పిరి. ఈ వివరణమును విడిచి సగము మాటను బ్రచారము చేయువారు రోగులకు మేలు చేయుటలేదు.

శాస్త్రమునందును ధనమునకు జోక్యము గలదని మరువరాదు. 1967లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో హృద్రోగమునకు కొవ్వే ప్రధానకారణమనియు చక్కెర దోషము స్వల్పమనియు దెలుపు వ్యాసములు వచ్చినవి. వాని రచయితలకు అమెరికా చక్కెర పరిశోధనా ప్రతిష్ఠానము రహస్యముగా ధనమిచ్చినదని 2016లో పాత యుత్తరములవలన బయటపడెను. రెండవపక్షము వారును పరిశుద్ధులు గారు. సాకరిను నిషేధమును 1977లో నెదిరించి ప్రకటనలు గుప్పించినది కేలరీలు తగ్గించిన పానీయములను జేయు వర్తకుల సంఘమే. ఇంతటి సందడిలో సామాన్య గృహస్థుడు దేనిని నమ్మవలెను?

చరిత్రనుండి మేము గ్రహించినది యిది. వస్తువు మార్చుటవలన మార్పు స్వల్పము. మోతాదు మార్చుటవలన మార్పధికము. ప్రపంచ ఆరోగ్యసంస్థ సూత్రము ప్రకారము దినమునకు గావలసిన మొత్తము శక్తిలో చక్కెరలనుండి వచ్చునది పదవవంతునకు మించరాదు. ఇరువదవవంతునకు దించిన మరియు మేలు. రెండువేల కేలరీల భోజనమున నిది 50 గ్రాములు, 25 గ్రాములు నగును. ఒక సీసా రంగునీటిలోనే సుమారు 30 గ్రాములు గలవు. ఆరోగ్యవంతుడు కాఫీలో రెండు చెంచాలను ఒకటిన్నరగను, పక్షము గడచిన పిమ్మట ఒకటిగను చేసినచో, నాలుక కొలది దినములలో దానికే యలవాటుపడును. అట్లు తగ్గించినవాడు చక్కెర వేసినను బెల్లము వేసినను తప్పులేదు. గ్రామస్థుని మేలుకోరి బెల్లము నెన్నుకొనిన మరియు మంచిదే. కాని బెల్లమని చెప్పి రెట్టింపు తినరాదు. మధుమేహ పీడితుడు బెల్లమునకు దేనికిని మినహాయింపు కోరరాదు. అతడు తీపి విడువజాలనిచో, వైద్యుని యనుమతితో మాత్రను మితముగా వాడుట చక్కెర వాడుటకంటె మేలు. బిడ్డలకు మాత్రము చక్కెరయు, మాత్రయు రెండును దూరముగా నుంచుటయే హితము. చిన్ననాట నాలుకకు నేర్పిన మితము పెద్దనాట మందునకంటె నెక్కువ పనిచేయును.

ఇక సంఘమున మార్పవలసినది యొకటి కలదు. మన మర్యాదలో బలవంత మెక్కువ. అతిథి వలదన్నను విస్తరిలో బూరె వడ్డింతుము, ఒకనాటికేమియు గాదందుము, తినకున్న యజమానికి చిన్నతనమందుము. వ్యాధిగలవాడు తన వ్యాధిని నలుగురిలో జెప్పుకొనలేక తినును. ఆ పూట మందు హెచ్చించుకొనును, లేదా హెచ్చించుకొనుట యెరుగక బాధపడును. వ్యాధిగల భర్తకు తీపి వడ్డించినదని భార్యను నిందింతురు, వడ్డింపకున్న పిసినారియని యత్తవారే నిందింతురు. ఈ రెండు నిందల నడుమ నలుగునది గృహిణి. వలదన్న యతిథిని రెండవమారడుగకుండుట యే మర్యాదకును లోపము గాదని పెద్దలు తమ యిండ్లలో చేసి చూపవలెను. పెండ్లివిందులలో ఐదు తీపివంటల స్థానమున నొకటి చేసిన నెవరి గౌరవమును తగ్గదు.

మరియొకమాట చెప్పి ముగింతుము. 1791లో ఇంగ్లండు గృహిణులు చక్కెర వెనుకనున్న మనుష్యుని జూచిరి. నేడు చెరకుతోటలో బానిసలు లేరు. కాని మహారాష్ట్రమున బీడు జిల్లాలో చెరకు నరకబోవు కూలి స్త్రీలు వేలకొలదిగా గర్భసంచులు దీయించుకొనినట్లు 2019లో ఆ రాష్ట్రప్రభుత్వము నియమించిన విచారణ సంఘము తెలుసుకొనెను. ఋతుదినములలో పని మానిన కూలి పోవుననియు, ముకద్దముకు జరిమానా కట్టవలెననియు భయము వారిని శస్త్రచికిత్సకు లోబరచిన కారణములలో నొకటి. ఆరోగ్యముకొరకు మనము చెంచా తగ్గించినంతమాత్రమున వారి కష్టము తీరదు. కూలికి కనీసవేతనము, ఋతుదినములకు సెలవు, తోటకడ నీరు, మరుగుదొడ్డి, వైద్యము నుండవలెనని కోరుటయు చక్కెర తినువారి విధియే. మితముగా దినువాడు తాను తినుదానికి న్యాయమైన వెల నిచ్చుటకు వెనుదీయడని మేము నమ్ముచున్నాము.